ఇంట్లో కట్టుకున్న వాల్వ్ ప్రీయాంప్‌లో గెయిన్ సరిచేయడం: మొదటి లెక్క నుంచి మూత బిగించేదాకా

"వాల్యూమ్ నాబ్ ఇలా ముట్టుకుంటే చాలండీ, ఇల్లు ఎగిరిపోతోంది. కాస్త తగ్గిద్దామంటే ఎడమ స్పీకర్ మూగబోతోంది. ఏం చెయ్యమంటారు?"

పాలకొల్లు నుంచి ఒకరు, అమలాపురం నుంచి ఒకరు, తణుకు నుంచి ఇద్దరు. ఈ మధ్య నన్ను అడిగినవాళ్ళంతా దాదాపు ఇదే మాట అడిగారు. సౌండ్ చాలట్లేదు అన్నవాళ్ళు చాలా తక్కువ. ఇంట్లో కట్టుకునే ప్రీయాంప్‌లకి (సోర్స్‌కీ పవర్ యాంప్‌కీ మధ్య ఉండే పెట్టె) అసలు జబ్బు గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) ఎక్కువైపోవడమే. దానికి మందు సోల్డరింగ్ ఐరన్ పట్టుకోకముందే కాగితం మీద దొరుకుతుంది. ఎంత కావాలో తేల్చుకోకుండా రెసిస్టర్లు మార్చుకుంటూ పోతే ఒక నెల గడిచాక కూడా అక్కడే ఉంటారు.

ఇక్కడ చెప్పేది లైన్ ప్రీయాంప్ గురించి. అంటే ఫోన్, సీడీ ప్లేయర్, డాక్ (డిజిటల్ సిగ్నల్‌ని ఆడియోగా మార్చే పెట్టె) లాంటివి తగిలించేది. ఒక్కో ఛానల్‌కి 12ఏఎక్స్7 (ఈసీసీ83) లో ఒక సగం, ముందు 100 కె (కిలో ఓమ్‌ల) వాల్యూమ్ పాట్ (నాబ్ తిప్పితే మారే రెసిస్టర్), హెచ్‌టీ (వాల్వ్‌లకిచ్చే ఎక్కువ వోల్టేజ్ డీసీ) 250 వోల్ట్ల దరిదాపు అనుకుంటున్నాను. మన వైపు ఎక్కువమంది కట్టేది ఈ బొమ్మే. రికార్డ్ ప్లేయర్ కోసం కట్టిన ఫోనో స్టేజ్‌కి ఈ పద్ధతులు వాడకండి. అందులో గెయిన్, ఈక్వలైజేషన్ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, ఒకటి కదిపితే రెండోది చెడుతుంది.

1. ఎంత గెయిన్ కావాలి? ముందు కాగితం తీయండి

రెండే అంకెలు కావాలి. సోర్స్ ఎంత ఇస్తుంది, పవర్ యాంప్ ఎంత అడుగుతుంది.

సీడీ ప్లేయర్లు, చాలా డాక్‌లు నిండు సిగ్నల్ మీద సుమారు 2 వోల్ట్లు ఆర్‌ఎంఎస్ ఇస్తాయి. ఫోన్ హెడ్‌ఫోన్ సాకెట్ అర వోల్టు నుంచి ఒక వోల్టు దాకా ఇస్తుంది.

పవర్ యాంప్ అడిగేది దాని కాగితాల్లో సెన్సిటివిటీ అని రాసి ఉంటుంది. లేకపోతే లెక్క కట్టొచ్చు. 8 ఓమ్‌ల స్పీకర్ మీద 25 వాట్లు రావాలంటే 14 వోల్ట్లు కావాలి. పవర్ యాంప్ గెయిన్ 20 రెట్లు (26 డెసిబెల్) అయితే దానికి 0.7 వోల్టు ఇస్తే సరిపోతుంది.

అడిగేదాన్ని ఇచ్చేదానితో భాగించండి. ఫోన్ అర వోల్టు ఇస్తుంది, యాంప్ 1 వోల్టు అడుగుతుంది అనుకుంటే కావలసింది 2 రెట్లు. పాత రికార్డింగులు లెవెల్ తక్కువగా ఉంటాయి కాబట్టి దాన్ని రెట్టింపు చేసి 4 అనుకుందాం. 2 వోల్ట్లిచ్చే సీడీ ప్లేయర్ మాత్రమే వాడేవాళ్ళకి లెక్క ప్రకారం గెయినే అక్కర్లేదు.

ఇప్పుడు మన చేతిలో ఉన్నదెంతో చూడండి. 12ఏఎక్స్7 కి మ్యూ (వాల్వ్ పెంచగలిగే గరిష్ఠ రెట్లు) 100, లోపలి ప్లేట్ రెసిస్టెన్స్ సుమారు 62 కె. వాల్వ్‌లో సిగ్నల్ వెళ్ళేది గ్రిడ్‌కి, పెరిగి వచ్చేది ప్లేట్ నుంచి, ఎలక్ట్రాన్లు బయల్దేరేది కాథోడ్ నుంచి. ప్లేట్ రెసిస్టర్ 100 కె, కాథోడ్ రెసిస్టర్ 1.5 కె, దాని మీద బైపాస్ కెపాసిటర్ (సిగ్నల్‌ని ఆ రెసిస్టర్ పక్కనుంచి నేలకి పంపేది) ఉంటే:

గెయిన్ = 100 × 100 ÷ (100 + 62.5) = సుమారు 61

కావలసింది 4, ఉన్నది 61. అంటే 15 రెట్లు ఎక్కువ. నాబ్ ఎనిమిది గంటల దగ్గరే ఇల్లు ఎగిరిపోవడానికి కారణం ఇదే. వాల్యూమ్‌కి వాడే లాగ్ పాట్‌లో రెండు ట్రాకులు (ఛానల్‌కి ఒకటి) మొదట్లో ఒకదానితో ఒకటి సరిగ్గా కలవవు. ఎడమ స్పీకర్ మూగబోయేది అందుకే, వాల్వ్‌లో లోపం కాదు.

పక్కన రాసిపెట్టుకోవడానికి: 2 రెట్లు అంటే 6 డెసిబెల్, 4 అంటే 12, 10 అంటే 20, 32 అంటే 30, 61 అంటే 36 కి కొంచెం తక్కువ.

ఇంకో మాట. పవర్ యాంప్ వైపు కూడా ఒకసారి చూడండి. టీపీఏ3116 చిప్ ఉన్న క్లాస్-డి బోర్డుల్లో గెయిన్ 20, 26, 32, 36 డెసిబెల్‌లలో ఏదో ఒకదానికి పెట్టుకోవచ్చు. అది 36 మీద ఉంటే ప్రీయాంప్ జోలికి రాకముందే అక్కడ తగ్గించండి.

2. బల్ల మీద ఏమేం ఉండాలి

- ఏసీ మిల్లీవోల్ట్లు చూపించే మల్టీమీటర్. పసుపురంగు చవక మీటర్లలో ఏసీ రేంజ్ 200 వోల్ట్ల నుంచే మొదలవుతుంది. దానితో 50 మిల్లీవోల్ట్లు కొలవలేరు.
- ఫోన్‌లో 400 హెర్ట్జ్ సైన్ టోన్. అందరూ 1000 హెర్ట్జ్ అంటారు గానీ మామూలు మీటర్లు చాలావాటికి ఏసీ కొలత 400–500 హెర్ట్జ్ దాకానే నమ్మకం.
- సిరీస్ బల్బు బోర్డు (ప్రీయాంప్‌కి కరెంటు బల్బు గుండానే వెళ్తుంది), 60 వాట్ల మామూలు బల్బుతో.
- 10 కె, 5 వాట్ల రెసిస్టర్. ఒక చివర మొసలి క్లిప్పు వైరు, రెండో చివర ఇన్సులేషన్ ఉన్న ప్రోబ్. కెపాసిటర్లు ఖాళీ చేయడానికి.
- పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్‌కి సరిపడే రెసిస్టర్లు రెండు, ఒక్కొక్కటి ఒక ఆర్సీఏ ప్లగ్గు లోపల సోల్డర్ చేసి.
- మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు, 1 శాతం. ప్లేట్ దగ్గర పెట్టేవి 1 వాటు లేదా 2 వాట్లవి.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్ బ్రష్.
- నోటుపుస్తకం. మార్చిన ప్రతిదీ, కొలిచిన ప్రతిదీ అందులో రాయాలి.

3. హెచ్‌టీ జోలికి వెళ్ళేముందు

ఇది చదవకుండా కిందికి వెళ్ళకండి. 250 వోల్ట్ల డీసీ మనిషిని చంపగలదు. స్విచ్ ఆపినా ఫిల్టర్ కెపాసిటర్లలో అది నిలిచే ఉంటుంది.

మీటర్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) ఉంది కదా అన్న ధీమా పెట్టుకోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వైపు తగిలే షాక్‌కి అది ట్రిప్ అవ్వదు. రెండు వైపులా వైండింగులు వేరు కాబట్టి దానికి తేడా తెలియదు.

1. ప్లగ్గు గోడ సాకెట్ నుంచి బయటికి లాగండి. స్విచ్ ఆపితే చాలదు.
2. రెండు నిమిషాలు ఆగండి.
3. మొసలి క్లిప్పు ఛాసీకి తగిలించి, 10 కె రెసిస్టర్ ప్రోబ్‌ని ప్రతి ఫిల్టర్ కెపాసిటర్ ప్లస్ మీద ఐదు సెకన్లకు తక్కువ కాకుండా పట్టుకోండి. స్క్రూడ్రైవర్ పెట్టి టక్కున షార్ట్ చేయకండి. కెపాసిటర్ చెడుతుంది, నిప్పురవ్వ కంట్లో పడుతుంది.
4. మీటర్ పెట్టి చూడండి. 10 వోల్ట్ల లోపు ఉంటేనే చెయ్యి పెట్టండి.

ఫిల్టర్ కెపాసిటర్ మీద 220 కె, 2 వాట్ల రెసిస్టర్ లేకపోతే ఈరోజే పెట్టేయండి. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని అది సుమారు రెండు నిమిషాల్లో తనంతట తానే ఖాళీ చేస్తుంది.

కరెంటు ఉండగా కొలిచేటప్పుడు ఎడమ చెయ్యి జేబులో ఉండాలి. వానాకాలంలో మన గచ్చులు నెమ్మెక్కి చెమ్మగా ఉంటాయి. కింద చెక్క పీట వేసుకుని, రబ్బరు చెప్పులు తొడుక్కుని కూర్చోండి. ఇంట్లో ఇంకొకరు మేలుకుని ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి.

4. డీసీ వోల్టేజీలు సరిగా ఉన్నాయా?

బయాస్ (కాథోడ్‌తో పోలిస్తే గ్రిడ్ ఎంత నెగటివ్‌గా ఉందన్నది) తప్పుగా ఉన్న వాల్వ్‌లో గెయిన్ సరిచేయడం కుంగిన గోడకి సున్నం వేయడం లాంటిది. ముందు దాన్ని చూడండి.

పదిహేను నిమిషాలు వేడెక్కనిచ్చి ఇవి కొలవండి. 250 వోల్ట్ల హెచ్‌టీ, 100 కె ప్లేట్, 1.5 కె కాథోడ్ ఉన్న 12ఏఎక్స్7 లో:

- ప్లేట్ (1, 6 పిన్నులు): 150–180 వోల్ట్ల మధ్య
- కాథోడ్ (3, 8 పిన్నులు): 1.2–1.5 వోల్ట్లు
- గ్రిడ్ (2, 7 పిన్నులు): సున్నా
- హీటర్: 6.3 వోల్ట్లు, లేదా సిరీస్ వైరింగ్ అయితే 12.6

ప్రతి కొలత పక్కనా ఆ క్షణంలో గోడ సాకెట్ దగ్గర ఎంత వోల్టేజ్ ఉందో రాయండి. డెల్టాలో ఇది చాలా ముఖ్యం. భీమవరం చుట్టుపక్కల రాత్రిపూట చెరువుల మీద ఏరియేటర్లన్నీ తిరిగేటప్పుడు సాకెట్ దగ్గర 190 చూసినవాళ్ళు ఉన్నారు. 230 కి 6.3 ఇచ్చే హీటర్ వైండింగ్, 190 మీద 5.2 మాత్రమే ఇస్తుంది. మధ్యాహ్నం కొలిచిన గెయిన్‌తో రాత్రి కొలిచింది కలవకపోతే తప్పు మీది కాకపోవచ్చు. సాకెట్ దగ్గర 220–240 ఉన్నప్పుడే కొలతలు తీసుకోండి.

గ్రిడ్ మీద సున్నా కాకుండా ఏ అర వోల్టో పాజిటివ్ కనిపిస్తే అక్కడే ఆగండి. నేను దీని దగ్గర వారం రోజులు పోగొట్టుకున్నాను.

ముసురు పట్టిన శ్రావణంలో నా ప్రీయాంప్ రెండో స్టేజ్‌లో కాథోడ్ వోల్టేజ్ రోజుకొక రకంగా ఉండేది. ఒకరోజు 1.3, ఇంకోరోజు 1.9. రెండు వాల్వ్‌లు మార్చాను, కప్లింగ్ కెపాసిటర్ (ప్లేట్ మీది డీసీని ఆపి సిగ్నల్‌ని మాత్రమే పంపేది) మార్చాను. చివరికి సాకెట్‌ని టార్చిలైటు వేసి చూస్తే, 1 వ పిన్నుకీ 2 వ పిన్నుకీ మధ్య నేను తుడవకుండా వదిలేసిన ఫ్లక్స్ (సోల్డర్‌లో ఉండే జిగురు), తేనెరంగులో, పైన సన్నటి తడి మెరుపుతో. ప్లేట్ వోల్టేజ్ ఆ చెమ్మ ఫ్లక్స్ గుండా 1 మెగాఓమ్ గ్రిడ్ లీక్ (గ్రిడ్ నుంచి నేలకి ఉండే రెసిస్టర్) మీదికి కారుతోంది. ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టాను. ఆ తర్వాత కాథోడ్ 1.3 దగ్గర కదలకుండా నిలిచింది. అప్పటినుంచి ప్రతి సోల్డరింగ్ తర్వాత సాకెట్ కడగనిదే మూత పెట్టను.

5. ఉన్న గెయిన్ కొలవడం

1. పవర్ యాంప్ తీసేయండి. స్పీకర్లతో ఈ పరీక్ష వద్దు, ట్వీటర్లు పోతాయి.
2. అవుట్‌పుట్‌కి ఇందాక చేసుకున్న రెసిస్టర్ ప్లగ్గు పెట్టండి. ఇది చాలామంది వదిలేస్తారు.
3. వాల్యూమ్ నాబ్ చివరికంటా తిప్పండి.
4. ఫోన్ నుంచి 400 హెర్ట్జ్ టోన్ ఇన్‌పుట్‌కి ఇచ్చి, ఇన్‌పుట్ సాకెట్ దగ్గర మీటర్ 50 మిల్లీవోల్ట్లు చూపేదాకా ఫోన్ వాల్యూమ్ సర్దండి.
5. అవుట్‌పుట్ సాకెట్ దగ్గర కొలవండి. నేరుగా ప్లేట్ మీద కాదు, కప్లింగ్ కెపాసిటర్ తర్వాత.
6. అవుట్‌పుట్‌ని ఇన్‌పుట్‌తో భాగించండి. 3.05 వోల్ట్లు వస్తే గెయిన్ 61.
7. రెండో ఛానల్‌కి కూడా అంతే.

పవర్ యాంప్ బదులు పెట్టిన ఆ రెసిస్టర్ (లోడ్) ఎందుకంటే, ఈ స్టేజ్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ సుమారు 38 కె. దాన్ని 10 కె ఇన్‌పుట్ ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్‌కి తగిలిస్తే గెయిన్ 61 నుంచి 13 దాకా పడిపోతుంది. లోడ్ లేకుండా కొలిచి 61 అనుకుని తగ్గిస్తే, తగిలించాక సౌండే రాదు.

అదే యాంప్‌తో కప్లింగ్ కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్ అయితే బాస్ కూడా పోతుంది. 10 కె లోడ్ ఉంటే 1 మైక్రోఫారడ్‌కి తక్కువ పెట్టకండి.

6. ఎక్కడ తగ్గించాలి?

నాలుగు దారులు. ఏది ఎంచుకోవాలో ఎంత తగ్గించాలన్న దాన్నిబట్టి ఉంటుంది. నా మాట అడిగితే, 12 డెసిబెల్ కంటే ఎక్కువ తగ్గించాలంటే ఫీడ్‌బ్యాకే సరైన దారి. మిగతావి సులువు కాబట్టి ముందు వాటి సంగతి చెప్తాను.

6.1 ఇన్‌పుట్‌లో డివైడర్

వాల్యూమ్ పాట్ ముందు రెండు రెసిస్టర్లు. సిగ్నల్ దారిలో 68 కె, దాని తర్వాత నేలకి 22 కె. లెక్కకి పావు వంతు, అంటే 12 డెసిబెల్ తగ్గాలి. తర్వాత ఉన్న 100 కె పాట్ కూడా 22 కె తో కలిసి లాగుతుంది కాబట్టి నిజానికి 13.5 దాకా తగ్గుతుంది.

నాబ్ సమస్య తీరుతుంది. వాల్వ్ వెనక నుంచి వచ్చే 'స్స్' శబ్దం మాత్రం తీరదు, ఎందుకంటే వాల్వ్ గెయిన్ అలాగే ఉంది.

ఇందులో జరిగే పొరపాటు: "ఒక్క రెసిస్టరే చాలు కదా" అని పాట్‌కి సిరీస్‌లో 300 కె పెట్టేయడం. లెవెల్ పావు వంతుకు తగ్గుతుంది, నిజమే. కానీ 12ఏఎక్స్7 గ్రిడ్ దగ్గర, గెయిన్ వల్ల పెరిగిన కెపాసిటెన్స్ 100 పికోఫారడ్‌లు దాటుతుంది. నాబ్ పైకి తిప్పే కొద్దీ ట్రెబుల్ చచ్చిపోతుంది. చివరికంటా తిప్పితే 17–18 కిలోహెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్ పడిపోతుంది. తంబురా మీటులో ఉండే ఆ జీర వినిపించకపోతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

6.2 కాథోడ్ బైపాస్ కెపాసిటర్ తీసేయడం

ఒక్క కాలు విప్పితే చాలు. గెయిన్ 61 నుంచి 32 కి వస్తుంది, సుమారు 6 డెసిబెల్ తగ్గుతుంది. డిస్టార్షన్ కూడా తగ్గుతుంది.

మధ్యలో ఎక్కడో కావాలంటే కాథోడ్ రెసిస్టర్‌ని రెండు ముక్కలు చేయండి. కాథోడ్ వైపు 680 ఓమ్‌లు, దాని కింద 820 ఓమ్‌లు, కెపాసిటర్ కింది దాని మీద మాత్రమే. మొత్తం మళ్ళీ 1.5 కె కాబట్టి బయాస్ మారదు. గెయిన్ 43 వస్తుంది.

దీని లోపం, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 38 కె నుంచి 68 కె కి పెరగడం. తర్వాత కాథోడ్ ఫాలోయర్ (గెయిన్ ఇవ్వకుండా అవుట్‌పుట్ ఇంపెడెన్స్ తగ్గించే స్టేజ్) ఉంటే బాధలేదు. లేకుండా పవర్ యాంప్‌కి 3 మీటర్ల షీల్డెడ్ వైరు లాగితే, మీటరుకి 100 పికోఫారడ్‌ల చొప్పున ఆ వైరే 8 కిలోహెర్ట్జ్ నుంచి ట్రెబుల్‌ని మింగేస్తుంది. ఈ పద్ధతి వాడితే వైరు అర మీటరు దాటనివ్వకండి.

కెపాసిటర్ తీసేయకుండా చిన్నది పెట్టి గెయిన్ తగ్గిద్దామనుకోవద్దు. 1 మైక్రోఫారడ్ పెడితే 200 హెర్ట్జ్ కింద మాత్రమే తగ్గుతుంది. మృదంగం డబ్బా కొట్టినట్టు వినిపిస్తుంది. ఉంచితే 47 మైక్రోఫారడ్ ఉంచండి, లేదా పూర్తిగా తీసేయండి.

6.3 వాల్వ్ మార్చడం

12ఏయూ7 (ఈసీసీ82) పిన్నులు, హీటర్ 12ఏఎక్స్7 లాగానే ఉంటాయి. మ్యూ 17–20 మాత్రమే. అందుకని చాలామంది తీసి పెట్టేసి పని అయిపోయిందనుకుంటారు. సౌండ్ వస్తుంది కూడా. కానీ 100 కె ప్లేట్ రెసిస్టర్ అలాగే ఉంటే ప్లేట్ వోల్టేజ్ 80 దగ్గరికి జారిపోతుంది, సిగ్నల్ ఊగడానికి చోటు చాలదు.

సరైన పద్ధతి: ప్లేట్ రెసిస్టర్ 47 కె, 2 వాట్లు. కాథోడ్ 1.5 కె అలాగే ఉండనివ్వండి. ప్లేట్ దగ్గర 115–130, కాథోడ్ దగ్గర సుమారు 4 వోల్ట్లు చూపాలి. గెయిన్ బైపాస్ కెపాసిటర్‌తో 13 దరిదాపు, అది తీసేస్తే 9.

సీడీ ప్లేయర్ ఉన్నవాళ్ళకి ఇది మంచి దారి. 2 వోల్ట్లు ఆర్‌ఎంఎస్ అంటే శిఖరం దగ్గర 2.8 వోల్ట్లు. 1.3 వోల్ట్ల బయాస్ మీద ఉన్న 12ఏఎక్స్7 గ్రిడ్ దాన్ని తట్టుకోలేదు, నాబ్ ఎక్కువ తిప్పగానే గరగర మొదలవుతుంది. 4 వోల్ట్ల బయాస్ ఉన్న 12ఏయూ7 హాయిగా తట్టుకుంటుంది.

ఈసీసీ88 మాత్రం ఈ సాకెట్లో పెట్టకండి. చూడ్డానికి ఒకేలా తొమ్మిది పిన్నులే. కానీ దాని హీటర్ 4, 5 పిన్నుల మధ్య 6.3 వోల్ట్లది, 9 వ పిన్ను లోపలి షీల్డు. మీ సాకెట్లో 4, 5 మధ్య 12.6 ఉంటే హీటర్ కాలిపోతుంది. దాని ప్లేట్ కూడా 130 వోల్ట్లకి మించి భరించదు.

6.4 ఫీడ్‌బ్యాక్: కొంచెం కష్టం, ఫలితం బాగుంటుంది

ప్లేట్ దగ్గరి సిగ్నల్‌లో కొంత తిరిగి గ్రిడ్‌కి ఇస్తాం. అది తలకిందులుగా ఉంటుంది కాబట్టి గెయిన్ తగ్గుతుంది. గెయిన్ ఎంతన్నది దాదాపుగా రెండు రెసిస్టర్ల నిష్పత్తే చెబుతుంది, వాల్వ్ పాతబడినా పెద్దగా మారదు. మన కరెంటు ఊగిసలాటకి ఇది గొప్ప వరం.

1. పాట్ మధ్య కాలు నుంచి గ్రిడ్‌కి వెళ్ళే వైరు విప్పి, ఆ దారిలో 100 కె పెట్టండి. సాకెట్‌కి ఆనుకుని, గ్రిడ్ పిన్ను దగ్గరే. ఆ పిన్ను నుంచి నేలకి గ్రిడ్ లీక్ రెసిస్టర్ ఉంటే అలాగే ఉండనివ్వండి.
2. కప్లింగ్ కెపాసిటర్ అవతలి వైపు, అంటే అవుట్‌పుట్ వైపు నుంచి 470 కె తెచ్చి అదే గ్రిడ్ పిన్నుకి కలపండి.
3. అవుట్‌పుట్ నుంచి నేలకి 1 మెగాఓమ్ ఉందో లేదో చూడండి. లేకపోతే పెట్టండి.
4. కాథోడ్ బైపాస్ కెపాసిటర్ తీయకండి. ఫీడ్‌బ్యాక్‌కి ఆ గెయిన్ కావాలి.
5. సాకెట్ కడిగి, ఆరబెట్టి, సిరీస్ బల్బు మీద ఆన్ చేయండి. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే సరే. కాంతి తగ్గకపోతే వెంటనే ఆపేయండి.
6. బల్బు తీసి, పైన 4 వ భాగంలోని డీసీ కొలతలు మళ్ళీ తీసుకోండి. మారకూడదు.
7. గెయిన్ కొలవండి. పవర్ యాంప్ ఇన్‌పుట్ 47 కె కి పైన ఉంటే నాబ్ చివర 4 దరిదాపు రావాలి. నాబ్ మధ్యలో పాట్ సొంత రెసిస్టెన్స్ కలిసి గెయిన్ ఇంకాస్త తగ్గుతుంది, అది సహజమే.

అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 38 కె నుంచి సుమారు 3 కె కి దిగుతుంది. పొడుగు వైరు బాధ పోతుంది. 'స్స్' శబ్దం కూడా వాల్వ్ గెయిన్‌తో పాటే తగ్గుతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు, 470 కె ని కెపాసిటర్‌కి ఇవతల, నేరుగా ప్లేట్ పిన్నుకి కలపడం. ప్లేట్ మీది డీసీ గ్రిడ్‌కి వచ్చేసి బయాస్ మొత్తం తలకిందులవుతుంది. సోల్డర్ చేసే ముందు వేలు పెట్టి ఒకటికి రెండుసార్లు దారి చూసుకోండి: ప్లేట్, కెపాసిటర్, ఆ తర్వాతే 470 కె. ఆ కెపాసిటర్ కూడా పాత సామాన్ల డబ్బాలో దొరికింది కాకుండా, 630 వోల్ట్ల పాలీప్రొపిలీన్ కొత్తది వేయండి.

గెయిన్ 2 చాలనుకుంటే 100 కె బదులు 220 కె పెట్టండి. అంతకు మించి పెంచితే ఆ రెసిస్టర్ సొంత రొద వినిపించడం మొదలవుతుంది.

7. గెయిన్ చాలకపోతే

అరుదు. బైపాస్ కెపాసిటర్ ఎండిపోయిందేమో చూడండి, లోడ్ మరీ తక్కువేమో చూడండి, హీటర్ వోల్టేజ్ చూడండి. నరసాపురం, అంతర్వేది లాంటి సముద్రం దాపు ఊళ్ళలో ఉప్పుగాలికి వాల్వ్ పిన్నులు నల్లబడతాయి. వాల్వ్‌ని నాలుగైదుసార్లు లాగి దూర్చితే తేడా తెలిసిపోతుంది.

8. రెండు ఛానళ్ళు సమానం చేయడం

కొలతల్లో తేడా 1 డెసిబెల్ లోపు, అంటే ఒకటి 4.0, ఇంకొకటి 4.4 అలా ఉంటే వదిలేయండి. అంతకు మించితే ముందు వాల్వ్‌లు అటూ ఇటూ మార్చండి (ఒకే వాల్వ్‌లో రెండు ఛానళ్ళు ఉంటే ఇంకో వాల్వ్ పెట్టి చూడండి). తేడా వాల్వ్‌తో పాటు కదిలితే వాల్వ్ మార్చాలి. కదలకపోతే రెసిస్టర్లు కొలవండి. ఫీడ్‌బ్యాక్ పద్ధతిలో అయితే 100 కె, 470 కె జతల్ని మీటర్‌తో ఏరి, దగ్గరగా ఉన్నవి రెండు ఛానళ్ళకి వాడితే చాలు.

ఈ కొలతలన్నీ నాబ్ చివరికంటా తిప్పే తీసుకోవాలి. నాబ్ కింద పెట్టి కొలిస్తే మీరు కొలిచేది పాట్ తేడాని.

9. పని అయ్యాక వచ్చే తేడాలు, వాటికి మందులు

*బొంయ్ మనే లోతైన హమ్ (50 హెర్ట్జ్).* హీటర్ వైర్ల నుంచి, లేదా గ్రిడ్ వైరు నుంచి. హీటర్ వైర్లు గట్టిగా మెలితిప్పి ఛాసీ మూలకి ఆనించండి. గ్రిడ్ వైరు పొట్టిగా కత్తిరించండి.

*కాస్త కరకుగా ఉండే హమ్ (100 హెర్ట్జ్).* హెచ్‌టీ ఫిల్టరింగ్ చాలట్లేదు. ఇంకో రెసిస్టర్, కెపాసిటర్ మెట్టు కలపండి.

*పాట మధ్యలో సన్నగా రేడియో మాటలు.* గ్రిడ్ పిన్ను మీద స్టాపర్ రెసిస్టర్ లేదు. 4.7 కె లేదా 10 కె, పిన్నుకి ఆనుకునేలా పెట్టండి. 6.4 పద్ధతిలో 100 కె ఆ పని కూడా చేస్తుంది.

*వాల్వ్ మీద తడితే స్పీకర్లో టింగ్ మనడం.* పెన్సిల్ రబ్బరు వైపుతో ప్రతి వాల్వ్‌నీ సుతారంగా తట్టి చూడండి. కొంచెం మోగడం మామూలే. తట్టాక కూడా మోత సాగుతుంటే ఆ వాల్వ్‌ని పక్కన పెట్టండి. గెయిన్ తగ్గించాక ఈ బాధ సగం తగ్గాలి.

*వానాకాలంలో మాత్రమే చిటపట.* ఫ్లక్స్, చెమ్మ. సాకెట్ కడగండి.

*టక్ టక్ మని అప్పుడప్పుడు.* ఇంట్లో ఫ్రిజ్ గానీ వీధిలో మోటారు గానీ ఆన్ అయినప్పుడే వస్తే అది ప్రీయాంప్ తప్పు కాదు, లైన్‌లో వస్తోంది. మెయిన్స్ ఫిల్టర్ పెట్టండి.

10. మూత బిగించే ముందు

- ☐ ప్లేట్, కాథోడ్, గ్రిడ్, హీటర్ వోల్టేజీలు రాసుకున్నాను, సాకెట్ వోల్టేజ్‌తో సహా
- ☐ గెయిన్ రెండు ఛానళ్ళకీ లోడ్ పెట్టి కొలిచాను
- ☐ ఛానళ్ళ తేడా 1 డెసిబెల్ లోపే ఉంది
- ☐ పవర్ యాంప్ తగిలించక ముందు అవుట్‌పుట్ దగ్గర డీసీ చూశాను, సున్నా
- ☐ ఛాసీ మూడు పిన్నుల ప్లగ్గు ఎర్త్‌కి గట్టిగా బిగించి ఉంది
- ☐ సాకెట్లు కడిగి ఆరబెట్టాను
- ☐ మార్చిన విలువలతో సర్క్యూట్ బొమ్మ మళ్ళీ గీసి మూత లోపల అంటించాను

ఇప్పుడు స్పీకర్లు తగిలించి, రోజూ వినే పాట రోజూ వినే సౌండ్‌లో పెట్టండి. నాబ్ పది గంటలకీ రెండు గంటలకీ మధ్య నిలిస్తే స్క్రూలు బిగించేయొచ్చు. తొమ్మిది గంటలకి ఇవతలే ఉండిపోతే ఫీడ్‌బ్యాక్‌లో 100 కె ని 150 కె చేసి మళ్ళీ కొలవండి. నాలుగు గంటలు దాటితే 82 కె.